‘నోర్ముయ్’ అన్న పాట

మెల్‌బోర్న్ వచ్చిన కొత్తలో, మధ్యాహ్న భోజనాల దగ్గర ఒక సహోద్యోగి నా ఇంగ్లీషును అనుకరించి బల్ల చుట్టూ ఉన్నవాళ్లందరినీ నవ్వించాడు. ‘బుక్’ అనవలసిన చోట నేను ‘బుక్కు’ అంటానట, ‘కప్’ అనవలసిన చోట ‘కప్పు’ అంటానట. నిజమే, అంటాను. వాళ్లతోపాటు నేనూ నవ్వాను గానీ, డబ్బాలో మిగిలిన పెరుగన్నం మాత్రం ఆ రోజు ముగించలేకపోయాను. నన్ను ఊరడించాలనుకున్నాడేమో, ఇలాంటి వేళాకోళం మీద ఇక్కడ ఏకంగా ఒక హిట్ పాటే ఉందంటూ, ఆ తరవాత అతడే ఫోనులో ‘షడ్డప్ యూ ఫేస్’ వినిపించాడు.

ఆ పాట రాసి పాడినవాడు జో డోల్చే. 1947లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, ఇటాలియన్ మూలాలున్న అమెరికన్ కుటుంబంలో పుట్టాడు. 1970ల చివర మెల్‌బోర్న్ చేరి, ఇక్కడి చిన్న వేదికల మీద జుసెప్పె అనే ఇటాలియన్ వలసదారు వేషం కట్టేవాడు. 1980 చివర విడుదలైన ఈ పాట ఆస్ట్రేలియాలో 8 వారాలు మొదటి స్థానంలో నిలిచింది. 1981 ఆరంభంలో బ్రిటన్‌లోనూ 3 వారాలు అదే పీట మీద కూర్చుని, అల్ట్రావాక్స్ బృందం ఎంతో గంభీరంగా మలచిన ‘వియెన్నా’ను రెండో స్థానం దాటనివ్వలేదు. ఆ ఉక్రోషం అక్కడి శ్రోతల్లో ఎంతగా మిగిలిపోయిందంటే, 30 ఏళ్లు దాటిన తరవాత జరిగిన ఒక ఓటింగులో, రెండో స్థానంలో ఆగిపోయిన పాటలన్నిటిలోకీ మేటి అని ‘వియెన్నా’ను ఎన్నుకొని, గౌరవార్థం దానికి మొదటి స్థానం కట్టబెట్టారు. అంత పెద్ద పాటను, ఈ పాటలో ఒక తల్లి కొడుకును ‘నోర్ముయ్’ అని తిట్టే తిట్టు ఆపేయడం నాకు మాత్రం ముచ్చటగానే ఉంటుంది.

పాటలో కథ చాలా చిన్నది. చెడు సావాసాలు పట్టి చదువు పాడుచేసుకొంటున్న కుర్రవాణ్ణి తల్లి మందలిస్తుంది. వాడేమో సినిమాల్లో వేస్తానని, కొత్త కారు కొంటానని కలలు కంటాడు. చివరికి, ఈ పాట ఇటలీలో పెద్ద హిట్టని కోతలు కోసి, నేనొక మాట అంటాను, మీరు ‘హే’ అనండి అంటూ వినేవాళ్లకే పాఠం మొదలుపెడతాడు. నవ్వంతా ఇంగ్లీషు మాటల చివర అంటుకొన్న అకారంలో ఉంది. ఇటాలియన్‌లో మాటలు చాలామటుకు అచ్చుతో ముగుస్తాయి కనుక, హల్లు దగ్గర తెగిపోయే మాట ఆ నాలుకకు కుంటుతున్నట్టు తోచి, దానికొక అచ్చును ఊతకర్రగా ఇస్తుంది. మనం చేసేదీ అదే. బస్సు, రోడ్డు, గ్లాసు, ఆఫీసు అన్నీ అలా మన ఇంటి మాటలైనవే. తెలుగు అజంత భాష, అంటే మాటలు అచ్చుతో ముగిసే భాష అనీ, 15వ శతాబ్దంలో నికోలో దె కాంటి అనే యాత్రికుడు దీన్ని తూర్పుదేశపు ఇటాలియన్ అన్నాడనీ ప్రతి సభలోనూ చెప్పుకొని చప్పట్లు కొడతాం. సభలో శాలువా కప్పించుకొనే ఆ అచ్చే భోజనాల బల్ల దగ్గర నన్ను నవ్వులపాలు చేసింది.

ఇన్నేళ్లకు ఆ హాస్యం ఎంత మిగిలిందంటే, నా మటుకు నాకు సగమే. ఉచ్చారణ మీది నవ్వు మొదటి చరణంలోనే అరిగిపోతుంది, తరవాత వచ్చే ప్రతి అకారమూ అదే చోట మళ్లీ గిల్లినట్టు ఉంటుంది. ఆ రోజుల్లో ఇక్కడ ఇటలీ, గ్రీసు వాళ్లను ‘వాగ్’ అనే తిట్టు మాటతో పిలిచేవారు. చిత్రమేమిటంటే, వలసదారుల భాషల్లో కార్యక్రమాలు ఇచ్చే ఎస్‌బిఎస్ టెలివిజన్ ఈ పాట హోరెత్తడానికి కాస్త ముందే, 1980 అక్టోబరు 24న మొదలైంది. అంటే ఒక చానెల్ ఇటాలియన్‌ను భాషగా వినిపిస్తున్న నెలల్లోనే, తక్కిన దేశం దాన్ని యాసగా విని నవ్వుకొంటోంది. 1987లో వలస కుటుంబాల పిల్లలే ఆ తిట్టును పేరులో పెట్టుకొని ‘వాగ్స్ అవుట్ ఆఫ్ వర్క్’ అనే ప్రదర్శన ఇచ్చి జనాన్ని నవ్వించారు. డోల్చే పాట ఈ రెంటి మధ్యన ఉంది. ‘షడ్డప్’ వంటి పలుకులు అతడు సొంత ఇంట్లో, అవ్వాతాతల నోట విన్నవే కనుక, అతడి గొంతులో అది మనవడి గారాబం. అదే పాటను బడిలో ఒక ఇటాలియన్ పిల్లవాడి వెంటపడి తక్కినవాళ్లు పాడితే దానికి వేరే పేరు ఉంటుంది. దశాబ్దాల పాటు తెలంగాణ మాటను రౌడీలకూ, శ్రీకాకుళం మాటను పనివాళ్లకూ అంటగట్టిన సినిమాలు చూసి నవ్విన మనకు ఈ తేడా ఒకరు చెప్పవలసినది కాదు.

మిగిలిన సగం తల్లిది, అది చెక్కుచెదరలేదు. ‘షడ్డప్ యూ ఫేస్’లో ఇంగ్లీషు వ్యాకరణం లేదు, అయినా ఆ విసురు తెలుగువాడికి అనువాదం లేకుండానే అందుతుంది. ‘నోరు మూయుము’ అని ఏ తల్లీ అనదు, ‘నోర్ముయ్’ అంటుంది. పాటలోని తల్లి తిట్టులోనే ఒక ఊరడింపు కూడా ఉంది: ఇదేమంత చెడ్డ చోటు కాదులే, అంటుంది. కొత్త దేశంలో మొదటి ఏడాది మా అమ్మ ఫోనులో నాతో అన్నదీ ఇంచుమించు అదే, కాకపోతే ముందు తిట్టి, తరవాత ఏం తిన్నావని అడిగేది.

మొన్న శనివారం కారులో వెళ్తూ మా అమ్మాయికి ఈ పాట వినిపించాను. దానికి పన్నెండేళ్లు, ఇక్కడే పుట్టింది. జుసెప్పె మాట తీరుకు అది నవ్వలేదు, ఆయన ప్రతి మాటకూ ‘అ’ ఎందుకు తగిలిస్తున్నాడని అడిగింది. ఇటాలియన్ గురించి, అచ్చుల గురించి, నికోలో దె కాంటి గురించి చెప్పబోయాను.

“అర్థమైంది నాన్నా, నువ్వు ‘కప్పు’ అంటావే, అలాగే కదా!” అంది.

“నోర్ముయ్,” అన్నాను.

వెనక సీటులోంచి “హే!” అని వినిపించింది.