పిల్లలా, పెద్దలా?

"లబ్ధిదారులు: పిల్లలు / పెద్దలు. ఏదో ఒకటే ఎంచుకోండి." గ్రాంటు దరఖాస్తులో ఈ ప్రశ్న దగ్గరే పొద్దున్నుంచి ఆగిపోయాను.

చదవడం, రాయడం నేర్పే మా క్లాసులో అమ్మా కూతురూ ఒకే బల్ల దగ్గర కూర్చుని ఒకే పుస్తకం చదువుతారు. ఏ గడిలో టిక్కు పెట్టను?

పిల్లల చదువుకు డబ్బిచ్చేవాళ్లు పెద్దవాళ్లని చూడగానే వెనక్కి తగ్గుతారు. పెద్దల చదువుకు ఇచ్చేవాళ్లేమో "ఎంతమందికి ఉద్యోగాలొచ్చాయి?" అంటారు. బిడ్డ స్కూలు నుంచి తెచ్చిన కాగితం అమ్మ సొంతంగా చదువుకోవడం ఏ లెక్కలోకీ రాదు.

యునెస్కో బహుమతులూ చూశాను. మాతృభాషలో అక్షరాస్యత కోసం పనిచేసేవాళ్లకి 1989లో పెట్టిన కింగ్ సెజోంగ్ బహుమతి ఉంది. కానీ మనంతట మనం దరఖాస్తు పెట్టుకోలేం. ప్రభుత్వమో, యునెస్కోతో అధికారిక భాగస్వామ్యం ఉన్న సంస్థో మన పేరు పంపాలి. పైగా అది చేసిన పనికి ఇచ్చేది. మాకు కావాల్సింది వచ్చే నెల ఖర్చు!

విసుగొచ్చి లైబ్రరీకి ఫోన్ చేశాను. అక్కడి ఆవిడ ఒకటే అడిగింది: "డబ్బు సంగతి సరే, అసలు ఏమేం కావాలి?"

కాగితం మీద రాస్తే మూడే తేలాయి. సాయంత్రాలు ఒక గది, చంటిపిల్లల్ని చూసుకోవడానికి ఒక మనిషి, దగ్గరి చూపుకి కళ్లజోళ్లు. "అక్షరాలు తలకెక్కట్లేదు" అనేవాళ్లలో కొందరికి అసలు అక్షరమే ఆనదు మరి.

గది ఆవిడే ఇస్తానంది. కళ్లజోళ్ల కోసం రేపు లయన్స్ క్లబ్ వాళ్లని అడగాలి.

ఫారం మాత్రం ఇంకా తెరిచే ఉంది. రెండు గడుల్లోనూ టిక్కు పెడితే ఒప్పుకోవట్లేదు, నాలుగుసార్లు చూశాను.