బయట పెద్దది, లోపల ఇరుకు

నిన్న మేనల్లుడిని ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ చూడ్డానికి తీసుకెళ్లాను. వాడికి ఈమధ్య 'డాక్టర్ హూ' అనే బ్రిటిష్ టీవీ సీరియల్ పిచ్చి పట్టింది. అందులో టార్డిస్ అని ఒక నౌక ఉంటుంది. కాలంలోనైనా, అంతరిక్షంలోనైనా ఎక్కడికంటే అక్కడికి పోతుంది. చూడ్డానికి మాత్రం నీలం రంగు పోలీస్ బాక్స్, అంటే పోలీసులకు ఫోన్ చేసే డబ్బా. అలాంటివి ఒకప్పుడు లండన్ వీధుల్లో నిజంగానే ఉండేవి. అసలైతే ఎక్కడ దిగితే అక్కడి వస్తువులా వేషం మార్చుకోవాలి. 1963లో ఆ వేషం మార్చే సర్క్యూట్ చెడిపోయి, అలాగే ఉండిపోయింది. అరవై ఏళ్లు దాటినా ఆ రిపేరు సరిగా అవ్వలేదంటే మా బాత్రూమ్ కుళాయి గుర్తొచ్చింది.

టార్డిస్ గొప్పంతా లోపలే. అంత చిన్న డబ్బాలో గదుల మీద గదులు. కురుసుర దానికి సరిగ్గా రివర్స్. బయట 91 మీటర్ల పొడవు, ఒడ్డుకొచ్చిన తిమింగలంలా. లోపల భుజాలు రాసుకునే సందు. గుండ్రటి ద్వారంలోంచి ముందు కాలు పెట్టాలా, తల పెట్టాలా అని ఆలోచిస్తుండగానే నుదురు ఠంగున కొట్టుకుంది. వాడు పకపకా నవ్వాడు. గోడల నిండా వాల్వులు, పైపులు, మీటర్లు. పడకలైతే రైల్లో సైడ్ అప్పర్ బెర్తే నయం. ఇందులో డెబ్బై మందికి పైగా ఎలా ఉండేవారో!

ఒక మీటర్ ముందు ఆగి, "మావయ్యా, ఇది ఏ సంవత్సరానికి వెళ్తుంది?" అన్నాడు.

"1971కి," అన్నాను. ఆ ఏటి పాకిస్తాన్ యుద్ధంలో పనిచేసిన నౌకే కదా.

"మరి తిరిగి రావాలంటే?"

వెనక జనం కదలమంటున్నారు. బయటికొచ్చి మురీ మిక్స్చర్ తింటున్నా అదే ప్రశ్న. టార్డిస్ వైజాగ్‌లో చెడిపోయుంటే ఈ బండిలాగే ఉండిపోయేదిరా అని మాట మార్చాను.

వాడు వెంటనే వంగి బండి కింద చూశాడు.