మెట్ల లైటు వైరింగ్: బొమ్మ తక్కువ, బోర్డు ఎక్కువ

ఐటీఐ ఎలక్ట్రీషియన్ క్లాసులో మెట్ల లైటు (కిందా పైనా ఉన్న రెండు స్విచ్‌లలో దేనితోనైనా వేసి ఆర్పే బల్బు) సర్క్యూట్‌ను పీరియడంతా గీస్తూ కూర్చుంటే పిల్లలు చక్కగా దించుకుంటారు, అంతే. గీయడం 10 నిమిషాల్లో ముగించండి. ఫేజు మొదటి టూ-వే స్విచ్ కామన్‌కి (మిగతా రెండు టెర్మినళ్లలో ఎప్పుడూ ఏదో ఒకదానితో కలిసి ఉండేది), రెండు స్విచ్‌ల మిగతా టెర్మినళ్ల మధ్య రెండు వైర్లు, రెండో కామన్ నుంచి బల్బుకి, అక్కణ్నుంచి న్యూట్రల్‌కి.

తర్వాత ఇద్దరికో వైరింగ్ బోర్డు ఇవ్వండి. ముగ్గురైతే ఒకరు చేతులు కట్టుకుని చూస్తారు.

అసలు పాఠం తప్పులోనే ఉంది. ఒక బోర్డులో మొదటి స్విచ్ కామన్‌కి రావాల్సిన ఫేజును పక్క టెర్మినల్‌కిచ్చి, అక్కడి వైరును కామన్‌కి మార్చండి. అప్పుడు మొదటి స్విచ్ ఒకవైపు ఉంటేనే రెండోది పనిచేస్తుంది. సప్లై ఇవ్వకముందే ఏమవుతుందో ప్రతి ఒక్కరిచేతా కాగితం మీద రాయించండి. ప్రశ్న వేశాక ఐదారు సెకన్లు ఊరుకోవడం మాస్టార్లకు మహా కష్టం! జవాబు మీరే చెప్పేస్తే ముందు బెంచీ తప్ప ఎవరూ ఆలోచించరు.

సప్లై తీసేశాక, మల్టీమీటర్‌ను కంటిన్యూటీలో (రెండు చోట్ల మధ్య కరెంటుకు దారి ఉందో లేదో చూపే సెట్టింగులో) పెట్టి కామన్ ఏదో వాళ్లే పట్టుకోవాలి. బల్బు వెలిగితే సగం మార్కులే. తప్పెక్కడో, ఎందుకో నోటితో చెబితే మిగతా సగం.