రోడ్డు మీద తెల్ల గీత

ఈ పూట నిద్ర పట్టకపోవడానికి కారణం వాన కాదు. వరద నీళ్లు తీసినాక మా వీధి పొడవునా రెండు వైపులా బ్లీచింగ్ పౌడరుతో గీసిపోయిన తెల్ల గీత. సాయంత్రం ఎదురింటామె గేటు దగ్గర నిలబడి "ఇంకేం భయం లేదు గదక్కా, పౌడరు చల్లి పొయ్యినారు" అనింది. వాళ్ల సంపులోకి మోరీ నీళ్లు దిగినాయి. నీళ్ల సంగతి ఎవరూ అడగలేదు, రోడ్డుకు మాత్రం పౌడరు పడింది.

బురద మీద చల్లిన పౌడరులోని క్లోరిన్‌ను ఆ బురదలోని పేడ, కుళ్లు, చెత్త అక్కడికక్కడే మింగేస్తాయి. మిగిలిన కాస్తా ఎండకు పోతుంది, సున్నం మిగులుతుంది. వాంతులు, విరేచనాలు, కామెర్లు, టైఫాయిడ్ వచ్చేది తాగే నీళ్ల నుంచి. అదే పౌడరు కొలతగా నీళ్లలో పడితే ఎంత మేలు! 33 శాతం క్లోరిన్ ఉన్న తాజా పౌడరైతే వెయ్యి లీటర్ల తేట నీళ్లకు 2.5 గ్రాములు చాలు. 5000 లీటర్ల సంపుకు 12.5 గ్రాములు. ప్లాస్టిక్ బకెట్‌లో ముద్దగా కలిపి, నీళ్లు పోసి తిప్పి, సున్నం అడుక్కి దిగినాక పైతేట మాత్రమే సంపులో పోయాలి. గంటసేపు ఆగాలి. తర్వాత క్లోరిన్ కొలిచే కిట్‌తో చూస్తే లీటరుకు 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ ఇంకా మిగిలి ఉండాలి. ఏమీ మిగలలేదంటే నీళ్లలో మురికి ఎక్కువుందని, వేసింది చాలలేదని అర్థం. నీళ్లు మడ్డిగా ఉంటే ముందు పటిక వేసి తేర్చుకోవాలి. నోరు తెరిచిపెట్టిన బస్తా తేమకు, వేడికి సత్తువ పోగొట్టుకుంటుంది, దాంతో ఏ లెక్కా నిలవదు.

మురుగు దిగిన సంపుకు ఈ కొలత సరిపోదు. మొత్తం తోడేసి, గోడలు రుద్ది, మంచి నీళ్లు నింపి, వెయ్యి లీటర్లకు 150 గ్రాముల లెక్కన వేసి ఒక రాత్రంతా ఉంచి పారబోయాలి. ఇది రేపే చెయ్యమని ఎదురింటామెకు చెప్పాలనే ఈ టపా మొదలుపెట్టినా. ఇంతవరకూ టైప్ చేసినాక 2021 నవంబరు గుర్తొచ్చింది. మాట మార్చుకుంటున్నా.

ఆ నవంబరు తిరుపతిలో ఎవరికి మరపుకొస్తుంది? స్వర్ణముఖి పొంగింది, ఘాట్ రోడ్ల మీద కొండచరియలు పడినాయి, శ్రీవారి మెట్టు దారి దెబ్బతినింది, రాయలచెరువు కట్టకు లీకు పడితే కింది ఊళ్లను ఖాళీ చేయించినారు. అవతల కడప జిల్లాలో 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు ఊళ్ల మీద పడింది. వాటన్నిటి మధ్య శ్రీకృష్ణ నగర్ సంపు వీడియో. సిమెంటు వరలతో కట్టిన 25 అడుగుల సంపు, ఆ ఇంటామె లోపల దిగి కడుగుతా ఉండగానే, భూమిలోంచి పైకి లేచి నిలబడింది. ఆమె ప్రాణాలతో బయటపడింది. ఊరంతా వింతగా చూసింది, దేవుడి మహిమ అన్నవాళ్లూ ఉన్నారు. దాని వెనక ఉన్న లెక్క ఇది: భూమి నీళ్లతో నిండిపోయి ఊట పైదాకా ఉన్నప్పుడు, 5000 లీటర్ల సంపు ఖాళీ చేస్తే కింద నుంచి కనీసం 5 టన్నుల బలం దాన్ని పైకి తోస్తుంది. వరల బరువు, చుట్టూ ఉన్న మట్టి పట్టు అంతకన్నా తక్కువైతే, ఖాళీ చెంబు నీళ్లలో తేలినట్టు తేలుతుంది. లోపల నీళ్లున్నంత సేపు ఆ బరువే దాన్ని కిందికి తొక్కి ఉంచుతుంది.

అందుకే రేపు వద్దు. దగ్గర్లో బావి ఉంటే తొంగి చూడండి. నీళ్లు సంపు అడుగుకంటే కిందికి దిగేదాకా సంపు ఖాళీ చెయ్యొద్దు. అప్పటిదాకా ఆ నీళ్లు లెట్రిన్‌కే. తాగడానికి, వంటకు ట్యాంకరు నీళ్లే, అవీ తెర్లు వచ్చినాక ఇంకో నిమిషం కాగాలి. తర్వాత దిగేటప్పుడు కూడా మూత తీసి బాగా గాలి ఆడనిచ్చి, పైన ఒక మనిషి తాడు పట్టుకోనుంటేనే దిగాలి. బురద కుళ్లిన గుంతలో గాలి చాలదు, పెట్రోలు మోటారు లోపల పెడితే ఆ పొగే ప్రాణం తీస్తుంది.

ఇంతా రాసినాక ఆ గీత మీద కోపం కాస్త తగ్గింది. గీసిన మనిషి గమ్‌బూట్లు కూడా లేకుండా ఆ బురదలో నడిచినాడు. ఎలుకల మూత్రం కలిసిన నీళ్లతో వచ్చే ఎలుక జ్వరం ముందు పట్టేది అట్లాంటి వాళ్లనే. నీళ్లు తగిలిన 5 నుంచి 14 రోజుల్లో జ్వరం, పిక్కల నొప్పి, కళ్లెర్రబడడం. డాక్టరు దగ్గర "వరద నీళ్లలో తిరిగినా" అని నోరు తెరిచి చెప్పకపోతే మామూలు జ్వరం కింద పోతుంది. ఆయన చేతికి బస్తాతో పాటు ఒక క్లోరిన్ కిట్ ఇచ్చింటే, ఇంటింటికీ పొయ్యేది ఎట్లాగూ ఆయనే, ఈ వీధిలో ఏ సంపు నీళ్లు ఎట్లున్నాయో తెలిసిపోయేది. కోపం పడాల్సింది ఆ పని ఒప్పజెప్పిన తీరు మీద.

ఇంకో బాధేమంటే, పౌడరు, పులిహోర పొట్లాలు, మెడికల్ క్యాంపు, అన్నీ వరద తర్వాత మొదటి వారమే వస్తాయి. డెంగీ వచ్చేది ఆ తర్వాత. దోమ గుడ్డు డ్రమ్ము గోడకు నీటి అంచున అంటుకోని ఎండినా నెలల తరబడి బతుకుతుంది, మళ్లీ తడి తగిలితే 7 నుంచి 10 రోజుల్లో దోమ. శుక్రవారం డ్రై డే అని నీళ్లు పారబోస్తే చాలదు, గోడ బ్రష్‌తో రుద్దాలి. సుగర్ మనుషుల కాలి పుండ్లు బయటపడేదీ అప్పుడే. బీపీ మాత్రలు, టీబీ మందులు చీటీతో సహా కొట్టుకపోతే మళ్లీ మొదలుపెట్టించే వాళ్లుండరు, టీబీకి ఆరు నెలల కోర్సు మధ్యలో తెగితే మందు పని చెయ్యని రకంగా మొండికెయ్యొచ్చు. అత్తయ్య చీటీలన్నీ ఫోటో తీసి పెద్దోడి ఫోన్లోకి పంపించినా, కాగితాలు జిప్ కవర్లో పెట్టి బీరువా పైన పెట్టినా. మీరూ ఈ వారమే చెయ్యండి.

మబ్బు పడితే చాలు ఏడ్చే పిల్లలున్నారు, వరద వచ్చి సంవత్సరం దాటినా. పెద్దవాళ్లూ ఉన్నారు, బయటికి చెప్పరు అంతే. 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్ (మనసు బాధలకు సర్కారు పెట్టిన ఫోన్ సాయం) వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. ఎదురింటామె చిన్నది వాన మొదలైతే అన్నం ముట్టదంట. పొద్దున సంపు మాటతో పాటు ఈ నంబరు కూడా రాసి ఇవ్వాల.