పెళ్లి ఫొటోలకు ఫ్లాష్ లైట్లు ఎంచుకున్న తీరు: నా అనుభవం

గోదావరి జిల్లాల్లో పెళ్లి ఫొటోలు తీసేవారికి వెలుతురు ఏ రెండు పెళ్లిళ్లలోనూ ఒక్క తీరున దొరకదు. ఒక ముహూర్తం అన్నవరం కొండ మీద, మరొకటి కోనసీమలో కొబ్బరితోట పక్కన ఇంటి ముంగిట వేసిన పందిట్లో, ఇంకొకటి కాకినాడలో సీలింగంతా నల్లరంగు వేసిన ఏసీ హాల్లో ఉంటుంది. కెమెరా మీద బిగించిన ఫ్లాష్‌ను పైకి తిప్పి బౌన్స్ చేయడం తెల్లటి, ఎత్తు తక్కువ సీలింగు ఉన్నచోట చక్కగా కుదురుతుంది. నల్ల సీలింగు ఆ వెలుగును మింగేస్తుంది. షామియానా కింద అయితే గుడ్డలోని ఎరుపు, ఆకుపచ్చ రంగులు పెళ్లికూతురి ముఖం మీదికి దిగుతాయి. చెంప ఒకటి ఎర్రగా, మరొకటి మామూలుగా ఉన్న ఫొటోను కంప్యూటర్‌లో సరిచేయడం ఆల్బమ్ మొత్తం పనిలో సాధ్యమయ్యేది కాదు. అందుకని కెమెరాకు దూరంగా స్టాండు మీద పెట్టి, ట్రిగ్గర్‌తో (కెమెరా మీద నుంచి రేడియో సంకేతం పంపే పరికరంతో) వెలిగించే బ్యాటరీ ఫ్లాష్‌లకు మారాలని నిశ్చయించుకున్నాను.

ముందుగా తేల్చుకోవలసింది శక్తి, దాన్ని ఒక్కో మెరుపుకు వాట్-సెకన్లలో కొలుస్తారు. గోడాక్స్ వి1 వంటి గుండ్రటి తల ఫ్లాష్ 76 వాట్-సెకన్లు, అదే కంపెనీ ఏడీ200 ప్రో 200, ఏడీ600 ప్రో 600. ప్రొఫోటో బీ10 శక్తి 250 వాట్-సెకన్లే అయినా, దాని నిర్మాణం, రంగులో నిలకడ వేరే తరగతికి చెందినవి. ధర కూడా అంతే, మా ఊళ్లలో పెళ్లికి ఇచ్చే ప్యాకేజీలకు అది అందదు. కొనే ముందు వీటిని విజయవాడలో అద్దెకు తెచ్చుకుని వాడి చూశాను. మండపం దగ్గర లైటుకూ జంటకూ మధ్య రెండు మూడు మీటర్లకు మించి దూరం ఉండదు. పూల అలంకరణలోని దీపాల కాంతి కూడా ఫొటోలో నిలవాలి కాబట్టి నేను ఐఎస్ఓ 800 నుంచి 1600, అపర్చర్ 4, షట్టర్ 1/100 ప్రాంతంలో, అంటే చుట్టుపక్కల వెలుతురు కూడా బాగా పడే సెట్టింగుల్లో ఉంటాను. ఆ లెక్కన 600 వాట్-సెకన్ల యూనిట్‌ను మండపంలో ముప్పై రెండో వంతుకు తగ్గించి వాడవలసి వచ్చేది. వాడని శక్తిని ముహూర్తమంతా మోసే పని మాత్రం అసిస్టెంటుది. చివరకు రెండు ఏడీ200 ప్రోలు, కెమెరా మీదికి ఒక వి1 తీసుకున్నాను. ఏడీ200 ప్రో పూర్తి శక్తితో వెలిగినా తిరిగి సిద్ధం కావడానికి రెండు సెకన్ల లోపే పడుతుంది. ఎనిమిదో వంతులో అయితే ఎదురుచూపే ఉండదు.

అసలు తలనొప్పి లైటు ముందు ఏమి తగిలించాలన్న దగ్గర మొదలైంది. అంబ్రెల్లా చవక, క్షణంలో విప్పుకోవచ్చు, వెలుగు మెత్తగా వస్తుంది. అయితే ఆ వెలుగుకు హద్దు లేదు: వెనుక నిలబడిన బాబాయిల మీద, ప్లాస్టిక్ కుర్చీల మీద, కూల్‌డ్రింక్ కేసుల మీద సమానంగా పడుతుంది. పైగా మండపం పక్కన ఎవరో ఒకరు స్టాండు ఫ్యాను పెడతారు, అంబ్రెల్లా ఆ గాలికి తెరచాపలా ఊగి స్టాండుతో సహా వంగుతుంది. సాఫ్ట్‌బాక్స్ (ముందు తెల్లగుడ్డ ఉండే పెట్టె) ఎంత పెద్దదైతే అంత మంచిదని అందరూ అంటారు గాని, వెలుగు మెత్తదనం బాక్స్ సైజుతో పాటు అది ముఖానికి ఎంత దగ్గరగా ఉందన్నదాని మీద ఆధారపడుతుంది. రెండడుగుల ఆక్టా (ఎనిమిది పలకల సాఫ్ట్‌బాక్స్) మీటరు దూరంలో ఉంటే ముక్కు నీడ అంచు కరిగిపోతుంది. అదే ఆక్టాను నాలుగు మీటర్ల అవతల పెడితే దాదాపు మామూలు ఫ్లాష్‌లాగే కొడుతుంది. పురోహితుడు, తల్లిదండ్రులు, తోటికోడళ్లు, పిల్లలు కిక్కిరిసిన మండపంలో నాలుగడుగుల బాక్స్‌ను దగ్గరికి తేవడం అసాధ్యం. కాబట్టి రెండడుగుల ఆక్టాను మోనోపాడ్ చివర బిగించి, అసిస్టెంటు చేత జనం తలల మీదుగా పట్టించే పద్ధతినే ఖాయం చేసుకున్నాను.

ఆ ఆక్టాకు గ్రిడ్ (వెలుగు పక్కలకు చిమ్మకుండా ఆపే గళ్ల అల్లిక) తప్పనిసరి అని తెలిసింది జీలకర్ర బెల్లం వేళే. అడ్డుతెర పట్టుకున్నంతసేపూ లైటు పురోహితుడి పక్క నుంచి రావాలి, తెర తీయగానే రెండు ముఖాల మీదా పడాలి. ‘‘బాబూ, ఆ వెలుతురు నా కళ్లలోకి కొడుతోంది, పుస్తకం కనబడటం లేదు’’ అని పంతులుగారు మంత్రం మధ్యలో ఆపి అన్నారు. గ్రిడ్ తగిలించాక పక్కకు చిమ్మే వెలుగు తగ్గి ఆయన ఇబ్బంది తీరింది, వెనుక ఉన్న ఎల్‌ఈడీ తెర కూడా వెలవెలబోకుండా నిలిచింది. ఆ సమయంలో వధూవరులు కట్టుకునే మధుపర్కాలు తెల్లవి. ఫ్రేమంతా తెలుపు నిండితే టీటీఎల్ (కెమెరాయే కొలిచి ఫ్లాష్ శక్తిని నిర్ణయించే పద్ధతి) వెలుగు తగ్గించేస్తుంది, ముఖాలు మసకబారతాయి. ముదురు రంగు కంచిపట్టు చీర కట్టుకున్న మేనత్త ముందుకు వంగగానే అదే టీటీఎల్ వెలుగు పెంచి బాసికాలను తెల్లగా మాడ్చేస్తుంది. దూరం మారని మండపంలో శక్తిని మనమే ఖాయం చేసుకునే మాన్యువలే మేలని నా అభిప్రాయం.

తలంబ్రాలకు రెండో ఫ్లాష్ కావాలి. సాఫ్ట్‌బాక్స్ వంటి ఏ మాడిఫయరూ లేకుండా బేర్ బల్బ్ (కప్పు లేని బల్బు) తలతో జంట వెనుక నుంచి కొట్టిస్తేనే ఎగిరే బియ్యపు గింజలు విడివిడిగా మెరుస్తాయి. శక్తి తగ్గించేకొద్దీ మెరుపు నిడివి కూడా తగ్గుతుంది కాబట్టి పదహారో వంతులో గింజలు గాలిలో ఆగిపోయినట్లు వస్తాయి. పూర్తి శక్తిలో గీతల్లా సాగుతాయి. ఈ ఫ్లాష్‌ను క్లాంపుతో పందిరి గుంజకు బిగిస్తాను. మామిడాకులూ నవధాన్యాల మూటా కట్టి పూజ చేసిన పెళ్లిరాట జోలికి మాత్రం వెళ్లకూడదు. ఎక్కడ బిగించాలన్నా ఇంటి పెద్దవారిని ముందు అడగడం మర్యాద.

హాల్లోని పసుపురంగు బల్బుల మధ్య తెల్లటి ఫ్లాష్ వెలిగితే ముఖాలు నీలంగా, వెనుక భాగమంతా కాషాయంగా వస్తుంది. సీటీఓ జెల్ (ఫ్లాష్ ముందు పెట్టే నారింజరంగు పలుచని ఫిల్మ్) ఆ తేడాను తగ్గిస్తుంది. నేను చాలావరకు సగం సీటీఓ వేసి, కెమెరాలో వైట్ బ్యాలెన్స్‌ను 3,800 కెల్విన్ దగ్గర ఉంచుతాను. పూర్తి సీటీఓ వేస్తే పసుపు రాసుకున్న ముఖం మరీ గాఢమవుతుంది.

రిసెప్షన్ వేదిక మీద గ్రూపు ఫొటోలకు అంబ్రెల్లాలే వాడతాను. మూడు మీటర్ల పొడవున జనం నిలబడినప్పుడు లైటు ఒక చివరి మనిషికి మీటరున్నర దూరంలో ఉంటే అవతలి చివరి మనిషికి నాలుగున్నర మీటర్లవుతుంది, అతనికి అందే వెలుగు తొమ్మిదో వంతే. లైటును దగ్గరి మనిషికి నాలుగు మీటర్ల దూరం ఉండేలా వెనక్కి జరిపితే ఆ తేడా మూడింతలకు దిగుతుంది. రెండో వైపు నుంచి మరో లైటు తోడైతే కనబడదు. వీడియోవారితో ముందే మాట్లాడుకోవాలి, ఎందుకంటే మన ఫ్లాష్ వాళ్ల ఫుటేజీలో సగం ఫ్రేము తెల్లబడిన చారగా పడుతుంది. పక్క హాల్లో మరో పెళ్లి ఉంటే ట్రిగ్గర్ ఛానెల్, ఐడీ కూడా మార్చుకోవాలి, లేకపోతే వాళ్ల ట్రిగ్గర్‌కు మన లైట్లు వెలుగుతాయి.

హైదరాబాదు, బెంగళూరు పెళ్లిళ్లకు విమానంలో వెళ్లేటప్పుడు విడి బ్యాటరీలు చేతి సంచిలోనే ఉండాలి. ఏడీ200 ప్రో బ్యాటరీ 14.4 వోల్టులు, 2,900 ఎంఏహెచ్, అంటే 42 వాట్-అవర్ల లోపే. 100 వాట్-అవర్ల పరిమితికి బాగా దిగువనే ఉంటుంది కాబట్టి తనిఖీ దగ్గర అభ్యంతరం రాలేదు. మిట్టమధ్యాహ్నం ఆరుబయట చేసే నలుగు ఒక్కటే ఈ సామానుకు లొంగలేదు. ఎండను తగ్గించడానికి షట్టర్‌ను సింక్ వేగం (ఫ్లాష్ వెలుగు ఫ్రేమంతా పడే గరిష్ట షట్టర్ వేగం) దాటించి, ఆ హద్దు పైన కూడా ఫ్లాష్ పనిచేసే హైస్పీడ్ సింక్‌లో పెడితే ఫ్లాష్ శక్తి బాగా పడిపోతుంది, ఆక్టా వెనుక 200 వాట్-సెకన్లు చాలవు. అటువంటి పని ఒప్పుకున్నప్పుడు ఏడీ600 ప్రోను అద్దెకు తెచ్చి, ఆ అద్దెను ప్యాకేజీలోనే కలిపి చెబుతున్నాను.