కిట్ కొనేముందు దాని మోల్డు చరిత్ర తెలుసుకోవాలి

విడిభాగాలను అతికించి కట్టుకునే ప్లాస్టిక్ కారు బొమ్మల కిట్లు సేకరించేవారిలో చాలామంది పెట్టె మీది బొమ్మను, కంపెనీ పేరును, ఆ కారు మీద తమకున్న మక్కువను చూసి కొంటారు. నేను కొన్నేళ్లుగా వేరే పద్ధతి పాటిస్తున్నాను. ఆ కిట్ ఏ మోల్డు (కరిగిన ప్లాస్టిక్‌ను పోసే ఉక్కు అచ్చు) నుంచి వచ్చింది, ఆ మోల్డును మొదట ఎవరు తయారు చేయించారు, తరువాత అది ఎవరెవరి చేతులు మారింది, మధ్యలో దాన్ని ఎలా సవరించారు అన్న సంగతులు తెలుసుకున్నాకే డబ్బు ఖర్చు పెడుతున్నాను. పెట్టెను ఎప్పుడైనా కొత్తగా అచ్చు వేయవచ్చు. లోపలి భాగాలు ఒకదానికొకటి సరిగ్గా అతుకుతాయా, బానెట్ మూసినప్పుడు సందు సమంగా ఉంటుందా, కప్పు ఒంపు అసలు కారును తలపిస్తుందా అన్నవన్నీ ఉక్కు మోల్డు తయారైన రోజునే తేలిపోతాయి.

ఈ దృష్టి నాకు అలవడటానికి నేను ఉంటున్న ఊరు కూడా ఒక కారణం. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో డెట్రాయిట్‌కు ఉత్తరాన ఉన్న ట్రాయ్‌లోనూ, చుట్టుపక్కల పట్టణాల్లోనూ కార్ల కంపెనీల్లో, వాటికి అనుబంధంగా ఉన్న ఇంజనీరింగ్, సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో పనిచేసే తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. అమెరికన్ కారు కిట్ల చరిత్రలో పెద్ద పేరైన ఏఎంటీ ఈ ఊరి కంపెనీయేనని మనవాళ్లకు చెబితే సాధారణంగా ఆశ్చర్యపోతారు. 1948లో మొదలైన ఆ సంస్థ పూర్తి పేరు అల్యూమినియం మోడల్ టాయ్స్. పేరులో అల్యూమినియం ఉన్నా, అది త్వరలోనే ప్లాస్టిక్‌కు మారింది. కార్ల కంపెనీలు తమ డీలర్ల కోసం చేయించుకునే ప్రోమో బొమ్మలే దాని తొలి వ్యాపారం. ఆ ఏడాది కొత్త కారును 1/25 స్కేలులో, అంటే అసలు కారులో ఇరవై అయిదో వంతు కొలతలో, కంపెనీ అసలు రంగుల్లోనే తయారు చేసి షోరూముల్లో ఉంచేవారు. కొనడానికి వచ్చినవారు రంగు ఎంచుకోవడానికి, వెంట వచ్చిన పిల్లలకు ఇవ్వడానికి అవి పనికొచ్చేవి. తొలి ప్లాస్టిక్ ప్రోమోలను సెల్యులోజ్ ఎసిటేట్‌తో చేయడం వల్ల వాటిలో చాలా భాగం కాలక్రమంలో వంకరపోయాయి. పాత ప్రోమోను పక్కనుంచి చూస్తే నడుము వంగినట్టు కనిపించడానికి ఆ పదార్థమే కారణం. తరువాత వచ్చిన పాలీస్టైరీన్ బొమ్మల్లో ఈ దోషం లేదు.

1958లో ఏఎంటీ త్రీ ఇన్ వన్ కిట్లను తెచ్చింది. ప్రోమో కోసం చేసిన బాడీ మోల్డునే వాడుకుని, దానికి అదనపు భాగాలు చేర్చి, ఒకే పెట్టెలోంచి ఫ్యాక్టరీ కారునైనా, కస్టమ్ కారునైనా, రేసు కారునైనా కట్టుకునే వీలు కల్పించారు. ఇందులోని వ్యాపార తెలివిని నేను మనసారా మెచ్చుకుంటాను. మోల్డు మీద పెట్టిన భారీ ఖర్చు ఒకసారి డీలర్ల ద్వారా, మరోసారి బొమ్మల దుకాణాల ద్వారా తిరిగి వచ్చేది. కొన్న కుర్రవాడికి కారు కట్టగా మిగిలిన భాగాలు ఇంకో కారుకు పనికొచ్చేవి. అమెరికాలో ఒక తరం పిల్లలు కారు ఆకారం గురించి ఆలోచించడం నేర్చుకున్నది ఈ మిగులు భాగాలతోనే అని నేను నమ్ముతున్నాను.

అయితే ఈ పద్ధతిలోనే సేకరణకర్తలను ఇప్పటికీ బాధించే ఒక సంగతి దాగి ఉంది. ఆ కాలంలో అమెరికన్ కార్ల గ్రిల్లు, లైట్లు, బంపర్లు దాదాపు ఏటా మారేవి. కొత్త కారు మార్కెట్లోకి వచ్చే సమయానికి దాని కిట్ కూడా రావాలి కాబట్టి ఏఎంటీ, డెట్రాయిట్‌లోని జో-హాన్, 1960ల మధ్య నుంచి మౌంట్ క్లెమెన్స్‌లోని ఎంపీసీ అనే కిట్ సంస్థలు కార్ల కంపెనీలు ముందుగా ఇచ్చిన డ్రాయింగుల ఆధారంగా మోల్డులు సిద్ధం చేసేవి. ప్రతి ఏడాదీ కొత్త మోల్డు చేయించడం తలకు మించిన ఖర్చు. అందుకే నిరుడు వాడిన ఉక్కునే మళ్లీ తీసి, మారిన చోట్ల చెక్కి, కొన్ని చోట్ల లోహం నింపి, ఈ ఏటి కారుగా మార్చేవారు. అలా మార్చిన క్షణం నుంచి నిరుటి కారును మళ్లీ పోయడం సాధ్యం కాదు. ఇలా ఏటా మారిపోయిన కిట్లనే సేకరణకర్తలు యాన్యువల్స్ అంటారు. దుకాణంలో రెండు డాలర్లలోపే దొరికిన ఆ కిట్లకు ఇవాళ అంత ధర పలకడానికి కారణం పాతదనం ఒక్కటే అనుకుంటే పొరపాటు. వాటిని పోసిన ఉక్కు రూపం ఇప్పుడు భూమ్మీద ఎక్కడా లేదు. కొన్ని బాడీ మోల్డులైతే 1970లలో స్టాక్ కార్ రేసు బొమ్మల కోసం చక్రాల వంపులు వెడల్పు చేయించుకుని, తమ మొదటి ఆకారాన్ని శాశ్వతంగా పోగొట్టుకున్నాయి.

జో-హాన్ గురించి ఇంకొంచెం చెప్పాలి. ఆ సంస్థ తయారు చేసిన క్రైస్లర్ టర్బైన్ కారు కిట్ నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. పిస్టన్ ఇంజన్ బదులు గ్యాస్ టర్బైన్ అమర్చిన ఆ కార్లకు ఇటలీలోని గియా సంస్థ బాడీలు కట్టింది. నమూనా కార్లతో కలిపి మొత్తం 55 తయారయ్యాయి. 1963 నుంచి 1966 వరకు 200 మందికి పైగా సాధారణ కుటుంబాలవారికి కొన్ని నెలల చొప్పున నడపడానికి ఇచ్చి, ఆ తరువాత క్రైస్లర్ వాటిలో అత్యధిక భాగాన్ని ధ్వంసం చేసింది. ఇప్పుడు మిగిలినవి తొమ్మిదే. అసలు కారు చుట్టూ నిలబడి కొలతలు తీసే అవకాశం ఎవరికీ సులభంగా దొరకని ఈ పరిస్థితిలో, ఆ కారు కొత్తగా ఉన్న రోజుల్లోనే 1/25 స్కేలులో చెక్కిన ఆ మోల్డు ఒక చారిత్రక పత్రంతో సమానం. వెనుక భాగంలోని లైట్ల గూళ్లను, సీట్ల మధ్యగా సాగే గొట్టం ఆకారాన్ని ఆ చిన్న కొలతలో అంత నమ్మకంగా పట్టుకున్న పనివారి పేర్లు పెట్టె మీద ఎక్కడా లేకపోవడం నాకు అన్యాయంగా తోస్తుంది.

ఏఎంటీ 1978లో మ్యాచ్‌బాక్స్ బొమ్మల కంపెనీ లెస్నీ చేతికి, 1980లలో అయోవాకు చెందిన ఎర్టిల్ చేతికి వెళ్లింది. ఎంపీసీ కూడా చివరికి ఎర్టిల్‌కే చేరింది. ఈ రెండు పేర్లూ ఇప్పుడు ఇండియానా రాష్ట్రం సౌత్ బెండ్‌లోని రౌండ్ 2 సంస్థవి. మిగిలిన పాత మోల్డులతో ఆ సంస్థ మొదటి పెట్టె బొమ్మలనే వాడి కిట్లను మళ్లీ విడుదల చేస్తోంది. పోయిన కొన్ని భాగాలను కొత్తగా చెక్కిస్తోంది కూడా. ఇది చాలా మంచి పని. పాత మోల్డు అంచులు అరిగినచోట ప్లాస్టిక్ పొరలా బయటికి పొడుచుకొస్తుంది, దాన్ని ఓపికగా గీకాలి. అయినా అటకెక్కిన కిట్ కోసం వెతుక్కోకుండా ఆ కారును కట్టుకోగలగడం గొప్ప వరం.

జపాన్ దారి వేరు. అక్కడి పరిశ్రమ షిజువోకా ప్రాంతంలో కేంద్రీకృతమై ఉంది. టమియా, అఒషిమా, ఫుజిమి ఆ ప్రాంతానివే, హసెగావా పక్కనే ఉన్న యైజు పట్టణానిది. 1946లో కలప మిల్లుగా మొదలైన టమియా 1967లో 1/12 స్కేలు హోండా ఫార్ములా 1 కారుతో కార్ల రంగంలో తన స్థాయిని చాటింది. 1976 నాటి పోర్షే 934 (911కు రేసు రూపం) కిట్ కోసం సంస్థకు చెందిన షున్‌సాకు టమియా ఒక అసలు పోర్షే 911ను కొని, దాన్ని విడదీసి పరిశీలించిన సంగతి ఈ అభిరుచి ఉన్నవారందరికీ తెలుసు. డీలరు బొమ్మ కోసం చేసిన మోల్డుకూ, కారును విప్పి చూసి చేసిన మోల్డుకూ తేడా కట్టేటప్పుడు చేతికి తెలుస్తుంది. స్కేలు కూడా వేరే. అడుగుకు అర అంగుళం లెక్కన వచ్చే 1/24 జపాన్‌లో స్థిరపడింది. అయిదు మీటర్ల కారు 1/25లో 200 మిల్లీమీటర్లు ఉంటే 1/24లో 208 ఉంటుంది. ఒకే అరలో పక్కపక్కన పెట్టాలనుకునేవారు ఈ తేడాను ముందే గమనించుకోవాలి.

పెట్టె సీలు విప్పని కిట్లను అలాగే దాచుకోవాలనే వాదనతో నేను ఏకీభవించను. సీలు లోపల ఏమీ చెడదన్న నమ్మకం తప్పు. పాత కిట్ల టైర్లు మెత్తని వినైల్‌తో చేసినవి. ఆ మెత్తదనం కోసం కలిపిన రసాయనం నెమ్మదిగా బయటికి వచ్చి, తగిలిన పాలీస్టైరీన్‌ను కరిగిస్తుంది. అద్దాల భాగం మీద టైరు ఆనుకుని ఉంటే దాని గాట్లు అద్దంలోకి దిగిపోతాయి, ఇక దాన్ని బాగుచేయడం సాధ్యం కాదు. డెకాల్ (బాడీ మీద అతికించే గుర్తులు, అంకెలు) కాగితం పచ్చబడుతుంది. పెట్టెల బరువు కింద నలిగిన బాడీ వంగుతుంది. సీలు విప్పి, టైర్లను వేరే కవరులో, అద్దాలను మెత్తని కాగితంలో, డెకాల్‌ను వెలుతురు తగలని చోట ఉంచితేనే ఆ కిట్‌ను నిజంగా కాపాడినట్టు. అక్కడిదాకా వచ్చాక కట్టడమే సబబు అని నా అభిప్రాయం. మోల్డు పోయిన యాన్యువల్ విషయంలో వెనుకాడేవారికి ఇంకో మార్గం ఉంది. ఎప్పుడో ఎవరో జిగురు పులిమి కట్టేసిన పాత కారును తక్కువ ధరకు కొని, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో నానబెట్టి రంగు వదలగొట్టి, విరిగిన భాగాలను మళ్లీ విడుదలైన కిట్ల నుంచి సమకూర్చుకుని నిలబెట్టవచ్చు.

కట్టడంలో నేను ఎక్కువ సమయం పెట్టేది బాడీ మీదే. కారు బాడీ మోల్డు పైనుంచి, పక్కల నుంచి, ముందూ వెనుకల నుంచి జరిగే ఉక్కు పలకలుగా ఉంటుంది. అవి కలిసిన చోట బాడీ మీద సన్నని గీత మిగులుతుంది. ఫెండర్ల మీదుగా, కప్పు స్తంభాల మీదుగా సాగే ఆ గీతను ప్రైమర్ (రంగుకు ముందు వేసే పూత) వేయకముందే ఉప్పు కాగితంతో తుడిచేయాలి. తలుపుల సందులను కూడా అప్పుడే లోతు చేయాలి, ఎందుకంటే ప్రైమర్, రంగు, వార్నిష్ పొరలన్నీ చేరాక అవి పూడుకుపోతాయి. కిటికీల చుట్టూ ఉండే క్రోమ్ పట్టీలకు రంగు కన్నా పల్చని లోహపు రేకు నయం. రేకును అతికించి, మొన మొద్దుబారని కొత్త బ్లేడుతో అంచు వెంబడి కోయాలి. బాడీ మీద ఉబ్బెత్తుగా ఉన్న పేరు అక్షరాలకైతే పాతవారు వాడే పద్ధతిని మించినది లేదు. రంగు వేయకముందే అక్షరాల మీద రేకు నొక్కి, దానిపైనే రంగు వేసి, ఆరాక థిన్నర్ తడిపిన గుడ్డతో అక్షరాల తల భాగాన్ని మాత్రం మెల్లగా రుద్దితే కింది రేకు బయటపడి, ఒక్కో అక్షరం అసలు బ్యాడ్జీలా మెరుస్తుంది.

తెలుగు రాష్ట్రాల్లో ఉండి ఈ పని మొదలుపెట్టాలనుకునేవారు గాలిలో తేమను లెక్కలోకి తీసుకోవాలి. విశాఖ, కాకినాడ వంటి తీర పట్టణాల్లో వానాకాలంలో లాకర్ రంగు వేస్తే తేమ పట్టి పొర తెల్లగా మసకబారుతుంది. పొడిగా ఉన్న రోజును ఎంచుకోవడం, లేదా నెమ్మదిగా ఆరే థిన్నర్ కలపడం మేలు. మొదటి కిట్‌గా పాత మిషిగన్ మోల్డును నేను సూచించను. భాగాలు ఇబ్బంది లేకుండా కూర్చునే జపాన్ కిట్‌తో ప్రారంభించాలి. మనకు పరిచయమున్న కారే కావాలంటే హసెగావా 1/24లో తెచ్చిన సుజుకి జిమ్నీ జేఏ11 ఉంది. 1985 నుంచి మన రోడ్ల మీద తిరిగిన మారుతి జిప్సీ ఆ కుటుంబానిదే, కాకపోతే పొడవాటిది. జేఏ11 చక్రాల మధ్య దూరం 2030 మిల్లీమీటర్లు, జిప్సీది 2375. ఆ తేడా 1/24లో దాదాపు 14 మిల్లీమీటర్లు అవుతుంది. తలుపుల వెనుక బాడీని, అదే చోట ఛాసిస్‌ను అడ్డంగా కోసి, మధ్యలో ఆ మేరకు ప్లాస్టిక్ షీటు చేర్చి, గ్రిల్లును సొంతంగా చెక్కుకుంటే పోలీసు స్టేషన్ల ముందు మనం చూస్తూ పెరిగిన జిప్సీకి చాలా దగ్గరగా వస్తుంది. నా బల్ల మీద ప్రస్తుతం కోతకు గుర్తులు పెట్టి ఉన్నది ఆ కిట్టే.