తాగుతాడా, తాగుతున్నాడా? ఓఈటీ కోసం ప్రెజెంట్ టెన్స్‌తో నా అనుభవం

ఓఈటీ అంటే నర్సులు, డాక్టర్ల లాంటి వైద్యరంగం వాళ్లకి పెట్టే ఇంగ్లీష్ పరీక్ష. మొదటిసారి అది రాసినప్పుడు నాకు రైటింగ్‌లో 290, స్పీకింగ్‌లో 320 వచ్చాయి. యూకేలో నర్సుల రిజిస్ట్రేషన్ చూసే ఎన్ఎంసీకి రైటింగ్‌లో 300, మిగతా మూడింటిలో 350 ఉండాలి. లిజనింగ్, రీడింగ్ గట్టెక్కాయి. అప్పటికి ఆరేళ్లుగా విజయవాడలో ఒక ప్రైవేట్ ఆస్పత్రిలో స్టాఫ్ నర్సుని. డ్యూటీ మారేటప్పుడు పేషెంట్ల వివరాలు అప్పగించే హ్యాండోవర్ ఇచ్చేది ఇంగ్లీష్‌లోనే, డాక్టర్లతో మాట్లాడేదీ ఇంగ్లీష్‌లోనే. మరి ఎక్కడ పోయిందో ఎంత ఆలోచించినా తెలియలేదు.

మా సీనియర్ అక్క ఒకామె యూకేలోని లీడ్స్‌లో పనిచేస్తోంది. "ఆదివారం వీడియో కాల్ చెయ్యి. నేను పేషెంట్‌ని, నువ్వు నర్సువి" అంది. స్పీకింగ్ పరీక్ష కూడా అలాగే ఉంటుంది. రెండు రోల్‌ప్లేలు, ఒక్కోటి ఐదు నిమిషాలు, కార్డు చదువుకోవడానికి మూడు నిమిషాలు. ఆ రోజు మా కార్డులో ఛాతీనొప్పితో వచ్చిన యాభై ఏళ్ల మనిషి. పలకరించి, నొప్పి గురించి అడిగి, "ఆర్ యూ స్మోకింగ్?" అన్నాను. అక్క రెండు చేతులూ కెమెరా ముందుకు చాపి, అరచేతులు తిప్పి చూపించింది.

"లేదమ్మా. చూడు, చేతిలో ఏమీ లేదు."

నాకు నవ్వొచ్చింది కానీ అక్క నవ్వలేదు. "పేషెంట్ ఇప్పుడు కాల్చడం లేదని ‘నో’ అన్నాడనుకో, నువ్వు అలవాటు లేదని రాసుకుంటావు. ఛాతీనొప్పి కేసు అది. ‘డూ యూ స్మోక్?’ అని అడగాలి" అంది.

ఆ రాత్రి నా ప్రాక్టీస్ లెటర్లన్నీ ముందేసుకున్నాను. రైటింగ్‌లో కేస్ నోట్స్ ఇస్తారు. ఐదు నిమిషాలు చదువుకుని, నలభై నిమిషాల్లో 180 నుంచి 200 పదాల ఉత్తరం రాయాలి. ఒక ఉత్తరంలో ‘ఇంగ్’ ఉన్న ప్రతి చోటా ఎర్ర పెన్నుతో గీత గీస్తే పధ్నాలుగు గీతలు పడ్డాయి. హీ ఈజ్ లివింగ్ విత్ హిజ్ వైఫ్. హీ ఈజ్ హ్యావింగ్ డయాబెటిస్. హీ ఈజ్ నీడింగ్ సపోర్ట్. ఆస్పత్రిలో రోజూ ఇలాగే మాట్లాడుకుంటాం, అందరికీ అర్థమవుతుంది, అందుకే ఎవరూ దిద్దరు.

కోచింగ్‌లో ఒక లిస్టు ఇచ్చారు. నో (తెలుసు), బిలీవ్, వాంట్, నీడ్, ఓన్, బిలాంగ్, ఇలాంటి వాటికి ‘ఇంగ్’ పెట్టకూడదని. బట్టీ పట్టాను. రాసేటప్పుడు కొంత పనికొచ్చింది. మాట్లాడేటప్పుడు మాత్రం లిస్టు గుర్తు తెచ్చుకునేలోపే మాట నోట్లోంచి వచ్చేసేది. పైగా స్మోక్, వర్క్, లివ్ ఆ లిస్టులో లేవు. నేను ఎక్కువ తప్పులు చేస్తున్నది వాటితోనే.

దసరాకి తెనాలి వెళ్లినప్పుడు నాన్నకి ఈ గొడవంతా చెప్పాను. ఆయన రిటైరైన తెలుగు మాస్టారు. ఇంగ్లీష్ జోలికి పెద్దగా వెళ్లరు. అంతా విని, "నువ్వు ఇంగ్లీష్‌లో తప్పు చెయ్యడం లేదమ్మా, తెలుగులో ఆలోచిస్తున్నావు" అన్నారు. నా నోట్‌బుక్ వెనక పేజీలో రెండు వాక్యాలు రాశారు. ‘అన్నయ్య ఆర్టీసీలో పనిచేస్తున్నాడు.’ ‘అన్నయ్య వంటింట్లో ఏదో పనిచేస్తున్నాడు.’ మొదటిది ఉద్యోగం, రెండోది ఈ క్షణంలో జరుగుతున్న పని. తెలుగులో రెండింటికీ ఒకే ‘చేస్తున్నాడు’ సరిపోతుంది. ఇంగ్లీష్‌లో మొదటిది వర్క్స్, రెండోది ఈజ్ వర్కింగ్.

"మన వ్యాకరణంలో దీనికి పేరుంది. తద్ధర్మం. ఒకదాని స్వభావాన్నో, అలవాటునో చెప్పే క్రియ. నిప్పు కాలుస్తుంది, పక్షి ఎగురుతుంది" అన్నారు. పదో తరగతిలో నేనూ చదివాను దాన్ని. మార్కుల కోసం చదివి వదిలేసిన మాట అన్నేళ్ల తర్వాత ఇలా అక్కరకొచ్చింది. ఇంగ్లీష్ వాళ్లు సింపుల్ ప్రెజెంట్ అనే పేరు పెట్టడం వల్ల అది ‘ఇప్పటి సంగతి’ అనుకుంటాం. నిజానికి దాని ముఖ్యమైన పని తద్ధర్మమే.

ఆ సాయంత్రం ఇద్దరం కూర్చుని ఒక పరీక్ష తయారుచేసుకున్నాం. తెలుగు వాక్యంలో ‘తున్నాడు’ తీసి ‘తాడు’ పెట్టి చూడాలి. అర్థం మారకపోతే సింపుల్, మారిపోతే కంటిన్యూయస్, అంటే ‘ఇంగ్’ రూపం. ‘రోజుకి పది సిగరెట్లు తాగుతున్నాడు’, ‘తాగుతాడు’. అదే అర్థం, కాబట్టి స్మోక్స్. ‘గాయం నుంచి రక్తం కారుతోంది’ని ‘కారుతుంది’ అంటే ఇకముందు కారుతుందన్నట్టు అయిపోతుంది. అందుకే ఈజ్ బ్లీడింగ్. డ్యూటీలో పేషెంట్లని చూస్తూ మనసులోనే ఇలా మార్చి చూసుకునేదాన్ని. రెండు వారాలకి నోటికి అలవాటు పడింది.

మందుల దగ్గర మాత్రం అక్క ఇంకాస్త సున్నితంగా చెప్పింది. షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ గురించి హీ ఈజ్ టేకింగ్ మెట్‌ఫార్మిన్ అన్నా తప్పు కాదట. కానీ ఏళ్ల తరబడి వేసుకునే మాత్రకి టేక్స్, ఈ వారం రోజుల యాంటీబయాటిక్ కోర్సుకి ఈజ్ టేకింగ్ అని రాస్తే, ఉత్తరం చదివే డాక్టరుకి ఏది పాత మందో ఏది తాత్కాలికమో ఆ క్రియలోనే తెలిసిపోతుంది. ఇది నాకు చాలా నచ్చింది.

మా పరీక్షకి లొంగనివీ ఉన్నాయి. ‘అర్థమవుతోంది’ని ‘అర్థమవుతుంది’ అంటే మనకి అర్థం మారుతుంది, అయినా ఇంగ్లీష్‌లో ఐ అండర్‌స్టాండ్ అనే అనాలి. ‘అనుకుంటున్నాను’ కూడా అంతే, ఐ థింక్. వీటికి నాన్న వేరే దారి చూపించారు. "తెలుసు, కావాలి, ఇష్టం అంటాం. వీటికి ‘తున్నాను’ తగిలించి చూడు" అన్నారు. తగలదు. తెలుస్తున్నాను అని ఎవరం అనం. మనసు స్థితిని చెప్పే మాటలవి. ఇంగ్లీష్‌లో ఆ కుటుంబం మనకంటే పెద్దది, అంతే. అండర్‌స్టాండ్, బిలీవ్, రిమెంబర్ కూడా తెలుసు, కావాలి పక్కన కూర్చుంటాయి. ఆ తర్వాత లిస్టు బట్టీ పట్టాల్సిన అవసరం రాలేదు.

నన్ను బాగా ఏడిపించింది హ్యావ్. మనం చేస్తున్నాను అనేది చేస్తూ ఉన్నాను నుంచి వచ్చిందే. ‘నాకు ఇద్దరన్నలు ఉన్నారు’లోనూ ఆ ‘ఉన్న’ వినిపిస్తుంది. అందుకే మన నాలుక మీదికి ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్ వస్తుందని నాకు అనిపిస్తుంది. అలాగని హ్యావింగ్ ఎప్పుడూ తప్పు కాదు. షీ ఈజ్ హ్యావింగ్ కంట్రాక్షన్స్ (పురిటినొప్పులు) ఒప్పు, హీ ఈజ్ హ్యావింగ్ ఎ సీజర్ (ఫిట్స్) ఒప్పు. వార్డులో మేం తెలుగులో మాట్లాడుకునే తీరు గమనిస్తే దారి దొరికింది. షుగర్ ఉంది, జ్వరం ఉంది అంటాం, వాటికి హ్యాజ్. నొప్పులు వస్తున్నాయి, ఫిట్స్ వస్తున్నాయి అంటాం, వాటికి ఈజ్ హ్యావింగ్. పదేళ్లుగా షుగర్ ఉంటే హ్యాజ్ హ్యాడ్ డయాబెటిస్ ఫర్ టెన్ ఇయర్స్. ఈ చివరిది మాత్రం ఒట్టి సాధన, రోజూ పది వాక్యాలు రాసి పట్టాను.

ఇంకొక సంగతి. హీ ఈజ్ ఆల్వేజ్ రింగింగ్ ద బెల్ అని ఒకసారి ప్రాక్టీస్‌లో అన్నాను. అక్క వెంటనే ఆపింది. ఆల్వేజ్ పక్కన కంటిన్యూయస్ వస్తే విసుక్కున్నట్టు వినిపిస్తుందట. మనం ‘ఎప్పుడూ బెల్లు కొడుతూనే ఉంటాడు’ అన్నట్టు. పేషెంట్ గురించి అలా వినిపించడం నాకు ఇష్టం లేదు. హీ రింగ్స్ ద బెల్ ఆఫెన్ అని మార్చుకున్నాను.

నాలుగు నెలల తర్వాత మళ్లీ పరీక్ష రాశాను. టెన్షన్‌తో కార్డు పట్టుకున్న చెయ్యి చల్లబడిపోయింది. రెండో రోల్‌ప్లేలో ఉబ్బసం ఉన్న పిల్లాడి తల్లితో మాట్లాడాలి. "డజ్ ఎనీవన్ ఎట్ హోమ్ స్మోక్?" అని అడిగేశాక గానీ, ఆలోచించకుండానే అడిగానని నాకు తట్టలేదు. "మై హజ్బెండ్ డజ్" అందామె. తర్వాతి ప్రశ్నకి వెళ్లాను.

రైటింగ్‌లో 350, స్పీకింగ్‌లో 370 వచ్చాయి. నాన్నకి ఫోన్ చేస్తే, మార్కులు ఎన్నని అడక్కముందే, "తద్ధర్మం సరిగ్గా పడిందా అమ్మా?" అన్నారు.